కుమట నుంచి గోకర్ణ దాకా బీచ్ నడక: గ్రూపుతో వెళ్ళడం దండగేనా?

కూకట్‌పల్లి_కాలిబాట
పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒక ట్రెక్కింగ్ గ్రూపుతో నేనూ మా చెల్లీ కర్ణాటక తీరంలో కుమట–గోకర్ణ వెళ్ళొచ్చాం. పోస్టర్ మీద "గైడ్‌తో సముద్రం వెంట ప్రకృతి నడక" అని ఉంది. జరిగింది వినండి.

శుక్రవారం రాత్రి బస్సు, నలభై మందికి పైనే జనం. పొద్దున్నే దిగాల్సింది, దిగేసరికి పదకొండు. ఎండ నెత్తి మీదకొచ్చేసింది. గైడ్ అని వచ్చింది పాతికేళ్ళు కూడా లేని కుర్రాడు. మాట మంచిదే కానీ ఈ దారి అతనికి తెలుసా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. కాగాల్ దగ్గర ఆ పొడవాటి బీచిలో సగం మంది ఫొటోలకు ఆగిపోయారు, సగం మంది ముందుకు పోయారు. అఘనాశిని నది రేవుకు చేరేసరికి చీకటి పడింది, పడవ లేదు. ఎవరెవరికో ఫోన్లు చేసి, టెంపోలు పిలిపించి, మీర్జాన్ మీదుగా రోడ్డు చుట్టూ తిప్పి క్యాంపులో పడేశారు. నేను ఈ ట్రిప్‌కి డబ్బు కట్టిందే ఆ నది దాటడం కోసం!

రాత్రి ఒంటిగంట దాకా స్పీకర్లు. రెండో రోజు ప్యారడైజ్ బీచ్ దాటాక రాళ్ళ మీద నుంచి తీసుకెళ్తుంటే నీళ్ళు నడుము దాకా ఎగిరి పడ్డాయి. అక్కడ గాలం వేసుకుంటున్న పెద్దాయన ఒకాయన కేకేసి, పైన పొదల్లోంచి ఇంకో దారి ఉందని చూపించాడు. అంటే మా గైడ్‌కి గైడ్ ఆయన.

కానీ ఆ తీరం మాత్రం మనసులోంచి పోవడం లేదు. ఈసారి మావారు, అక్కా బావా కలిసి ఆరుగురం వెళ్దామనుకుంటున్నాం. బావగారికి యాభై ఐదు దాటాయి. సొంతంగా వెళ్ళగలమా? లేక తీరం తెలిసిన స్థానికులు ఎవరైనా దొరుకుతారా? రెండు రోజులు చాలా, మూడు పెట్టుకోవాలా?

ఉప్పుచేప
స్పీకర్లో ఏం పాటలు పెట్టారో చెప్పకుండా ఫిర్యాదు ఎలా స్వీకరిస్తాం?

కూకట్‌పల్లి_కాలిబాట
@ఉప్పుచేప అన్నీ పెట్టారు. సముద్రం చప్పుడు తప్ప.

గోదారిగట్టు
గైడ్ ఎందుకండీ అసలు? ఎడమ చేతి వైపు సముద్రం ఉంచుకుని ఉత్తరానికి నడవడమే కదా. దారి తప్పడానికి అదేమైనా నల్లమలా? ఫోన్లో మ్యాప్ పెట్టుకుని నేనూ మా ఫ్రెండూ హాయిగా పోయాం. రాత్రికి గెస్ట్‌హౌస్, తినడానికి ఎక్కడపడితే అక్కడ అన్నం చేపల పులుసు. గ్రూపు వాళ్ళకి కట్టే దాంట్లో సగం కూడా కాలేదు.

కుమట_కోడలు
మాది తెనాలి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి పదేళ్ళు దాటింది. ఆదివారాలు మా ఇంటి ముందు నుంచే ఈ గుంపులు పోతుంటాయి, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

దారి ఇది. కుమట ఊరి బీచ్ నుంచి ఉత్తరంగా బయలుదేరితే వన్నళ్ళి, మంగొడ్లు, కడ్లే, బాడ, ఆ తర్వాత కాగాల్. కాగాల్ దగ్గరున్నదాన్నే నిర్వాణా బీచ్ అంటున్నారు ఈమధ్య. అక్కడి నుంచి అఘనాశిని ఊరి రేవు. పడవలో అవతలికి దాటితే తదడి, పెద్ద చేపల రేవు. తర్వాత బెలెకాన్, ప్యారడైజ్, హాఫ్ మూన్, ఓం, కుడ్లే, చివరికి గోకర్ణ. ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి పాతిక కిలోమీటర్ల చిల్లర.

ఇది ఒకటే బీచ్ కాదు. మొదటి సగంలో ఒక బీచ్ అయిపోగానే ఎర్రరాతి గుట్ట అడ్డం వస్తుంది. ఎక్కాలి, పైన ఎండిన గడ్డి మైదానం దాటాలి, మళ్ళీ దిగాలి. గుట్ట మీద దారి ఎటు చీలుతుందో, ఏది పశువుల దారో, ఏది చివరి అంచుకు తీసుకెళ్ళి ఆపేస్తుందో మ్యాప్‌లో ఉండదు. రెండో సగంలో ప్యారడైజ్, హాఫ్ మూన్ బీచ్‌లకు రోడ్డే లేదు. కాలినడకన కానీ పడవలో కానీ చేరాల్సిందే. కాలు మడత పడితే ఆటో పిలిచే పని లేదు.

@కూకట్‌పల్లి_కాలిబాట, మీ బావగారి వయసు సమస్యే కాదండీ. మా మామగారు డెబ్బై దాటి కూడా గుట్ట దాటి వెళ్ళొస్తారు. సమస్యల్లా పదకొండు గంటలకు మొదలుపెట్టడం. ఇక్కడివాళ్ళు ఎవరూ ఆ టైమ్‌లో ఇసుక మీదకు దిగరు. ఆరింటికి బయలుదేరి పదికల్లా నీడ చూసుకోవాలి, మళ్ళీ మూడున్నర తర్వాత లేవాలి. అలా నడిస్తే మూడు రోజులు పడుతుంది. మూడు రోజులు పెట్టుకోండి కూడా.

గోదారిగట్టు
@కుమట_కోడలు అంతా బాగానే ఉంది కానీ మేము రెండు రోజుల్లో ఏ గైడూ లేకుండానే పూర్తి చేశాం కదా?

కుమట_కోడలు
చేశారు. సముద్రం ఏ టైమ్‌లో ఎక్కుతుందో ముందే చూసుకున్నారా, కలిసొచ్చిందా?

గోదారిగట్టు
...కలిసొచ్చింది.

ఉప్పుచేప
ఒక్క చుక్క, రెండో చుక్క, మూడో చుక్క. ఆ మూడు చుక్కల్లోనే ఉంది అసలు కథ.

భీమిలి_బోటు
మా నాన్న, మా తాత చేపల వేటకెళ్ళినవాళ్ళే, ఇంట్లో విన్నది చెప్తున్నా. సముద్రం ఎక్కే పోటూ, దిగే పాటూ రోజుకు రెండుసార్లు. నిన్న వచ్చిన టైమ్ కంటే ఇవాళ ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అంచేత శనివారం పొద్దున ఖాళీగా కనిపించిన ఇసుక వచ్చే శనివారం అదే టైమ్‌కి నీళ్ళలో ఉండొచ్చు. "పోయిన వారం ఇక్కడి నుంచే పోయాం" అనే గైడ్ మాట నమ్మకండి.

ఇంకోటి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా పైకొస్తుంది, పాటు బాగా లోపలికి పోతుంది. అష్టమి నవమి చుట్టూ రెండూ తక్కువే. రాళ్ళ కింద నడిచేవాళ్ళు అష్టమి చూసుకుని పెట్టుకుంటే మేలు.

ఎండపొద
పంచాంగం చూసి ట్రెక్కింగ్! ఇన్నాళ్ళూ మా అమ్మ అష్టమి నాడు ప్రయాణం వద్దంటే నవ్వాను. ఇప్పుడు అష్టమి నాడే పొమ్మంటున్నారు.

తీరం_టీచర్
@భీమిలి_బోటు చెప్పింది నిజమే కానీ ఒక సగం. అష్టమి రోజుల్లో పోటు పెద్దగా రాదు, కానీ పాటు కూడా పెద్దగా వెనక్కి పోదు. కొన్ని రాళ్ళ మూలలు పాటు బాగా వెనక్కి పోయినప్పుడే దాటగలం. అవి దాటాలంటే అమావాస్య, పౌర్ణమి రోజులే మంచివి, అయితే టైమ్ తప్పకూడదు. నిబ్బరంగా నడిచేవాళ్ళకి అష్టమి, గడియారం చూసి నడిచేవాళ్ళకి పౌర్ణమి. జాగ్రఫీ చెప్పే నోరు ఊరుకోదు కదా, క్షమించాలి.

భీమిలి_బోటు
@తీరం_టీచర్ మాస్టారూ, ఆ ఆరుగురిలో ఒకాయనకి యాభై ఐదు. పిల్లలతో పోయేవాళ్ళకీ పెద్దాళ్ళతో పోయేవాళ్ళకీ నేను పౌర్ణమి చెప్పను. ఆ మూల దాటలేకపోతే పైనుంచి పోతారు, కొంపేం మునగదు. టైమ్ తప్పితే మాత్రం మునుగుతుంది.

తీరం_టీచర్
ఒప్పుకుంటున్నా. పోర్టుల వారీగా ఏడాది మొత్తానికి పోటు పాట్ల పట్టికలు ముందే వేస్తారు, కార్వార్‌ది చూస్తే ఈ తీరానికి దాదాపు సరిపోతుంది. ఫోన్లో యాప్‌లు కూడా ఉన్నాయి. నడిచే రోజులకి చూసి ఒక కాగితం మీద రాసుకుంటే సరి.

ట్రెక్_తమ్ముడు
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నా, ఇక ఆగలేకపోతున్నా. నేను రెండేళ్ళుగా వీకెండ్స్‌లో ఇలాంటి గ్రూపులకి లీడ్‌గా వెళ్తున్నా. మీరు వెళ్ళింది మా గ్రూపు కాదు లెండి.

లెక్క చెప్తా. హైదరాబాద్ నుంచి బస్సు అద్దె, టోల్, డ్రైవర్లు ఇద్దరు, తిండి, టెంట్లు. బస్సు నిండకపోతే గిట్టదు. పది మందితో పోతే ఒక్కొక్కరు ఇప్పుడు కట్టేదానికి మూడింతలు కట్టాలి. కడతారా? పోస్టర్ పెట్టగానే వచ్చే మొదటి మెసేజ్ "రేటు ఎంత బ్రో", రెండోది "క్యాంప్ ఫైర్ ఉంటుందా". "స్థానిక గైడ్ ఉంటాడా" అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

లీడ్ అని పంపేవాడికి వచ్చేది ఉచిత ప్రయాణం, చేతిఖర్చులు. వాడు కూడా సోమవారం పొద్దున తొమ్మిదికి ఆఫీసులో ఉండాలి. శుక్రవారం రాత్రి ఎల్బీనగర్‌లో ఒకరి కోసం గంట ఆగితే శనివారం కాగాల్‌లో చీకటి పడుతుంది. ఆ ఒకరు ఎవరో ఆ గ్రూపులోనే ఉంటారు, వాళ్ళు కూడా రివ్యూలో ఒక స్టార్ ఇస్తారు.

కూకట్‌పల్లి_కాలిబాట
@ట్రెక్_తమ్ముడు తమ్ముడూ, నీ కష్టం అర్థమైంది. అయితే పోస్టర్ మీద "వీకెండ్ పార్టీ, మధ్యలో కొంచెం నడక" అని రాయండి, ఎవరూ తప్పు పట్టరు. "గైడ్‌తో ప్రకృతి నడక" అని రాసి చీకట్లో రేవు దగ్గర నిలబెడితే ఊరుకోం. చేతిలో పట్టిక లేదు, పడవవాడి నంబర్ లేదు. ఆ రెండూ ఉండటానికి ఎంత ఖర్చవుతుంది?

ట్రెక్_తమ్ముడు
అది మాత్రం కరెక్టే అక్కా. పడవవాడి నంబర్ లేకుండా పోవడం తప్పే. నేను ముందురోజే ఫోన్ చేసి చెప్తా.

ఎండపొద
"ఎల్బీనగర్‌లో ఒకరు" నేనే. స్టార్ ఇవ్వలేదు, ఒట్టు.

కుమట_కోడలు
రేవు సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆ పడవ మీకోసం పెట్టింది కాదండీ. అటూ ఇటూ ఉద్యోగాలకీ, బజారుకీ, బడికీ పోయేవాళ్ళు ఎక్కే పడవ. బైకులు కూడా ఎక్కిస్తారు. పగలే తిరుగుతుంది, చీకటి పడ్డాక నమ్ముకోవద్దు. నలభై మంది ఒకేసారి వచ్చి నిలబడితే ఊరివాళ్ళు తర్వాతి పడవ కోసం ఆగాల్సి వస్తుంది. ఆరుగురైతే ఎవరికీ ఇబ్బంది లేదు.

గైడ్ ప్రశ్నకు జవాబు: దొరుకుతారు. హోమ్‌స్టేలు నడిపేవాళ్ళని అడిగితే వాళ్ళే ఊళ్ళో ఒకరిని చూపిస్తారు. రోజుకూలి మాట్లాడుకుని తిండి పెడితే చాలు. కన్నడ, కొంకణి మాట్లాడతారు, కొద్దిగా హిందీ. చేపల పడవల మీద పనిచేసినవాళ్ళైతే సముద్రం సంగతి అడక్కుండానే చెప్తారు. కుమట నుంచి రేవు దాకా ఒకరు, తదడి నుంచి గోకర్ణ దాకా ఇంకొకరు ఉంటే ఇంకా మంచిది. అవతలి ఒడ్డు రాళ్ళు ఇవతలివాళ్ళకి అంతగా తెలియవు.

మడఅడవి
ఆ నది దాటేటప్పుడు కాస్త చుట్టూ చూడమని నా మనవి, సెల్ఫీ తర్వాతే అయినా సరే. అఘనాశిని సిర్సి దగ్గర పుట్టి నూట ఇరవై కిలోమీటర్ల దాకా పారి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. దారిలో ఒక్క ఆనకట్ట కూడా లేదు. కొండల్లో ఉంచళ్ళి జలపాతంగా దూకేది ఈ నదే. పడమటి కనుమల్లో ఇలా అడ్డం లేకుండా పారే నదులు ఇంక ఎన్ని మిగిలాయి చెప్పండి.

పాటు సమయంలో దాటితే నది మధ్యలో మెడలోతు నీళ్ళలో మనుషులు కనిపిస్తారు. గుల్లలు ఏరేవాళ్ళు వాళ్ళు. ఆడామగా అందరూ దిగుతారు. ఎన్నో కుటుంబాలకు అదే బతుకుతెరువు. తీపి నీరూ ఉప్పు నీరూ సరిగ్గా కలిసే చోటే ఆ గుల్లలు పెరుగుతాయి, ఎగువన నీళ్ళు ఆపేస్తే ఆ పాళ్ళు చెడిపోతాయి. గట్టు లోపల ఉప్పు నీరు తగిలే పొలాలున్నాయి, గజని అంటారు. వాటిలో కగ్గ అనే పాత వరి వేస్తారు, అది ఉప్పుకు తట్టుకుంటుంది. పంట కోశాక అదే పొలంలోకి పోటు నీరు వదిలి రొయ్యలు, చేపలు పడతారు. 2024లో ఈ ముఖద్వారాన్ని రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు.

కోనసీమ రొయ్యల చెరువులు చూసి పెరిగినవాణ్ణి నేను. పొలం చెరువైతే మళ్ళీ పొలం కాదని మా వైపు అందరికీ తెలుసు. ఇక్కడ ఏటా రెండూ ఒకే నేలలో జరుగుతున్నాయంటే నాకు నమ్మకం కలగడానికి చాలాసేపు పట్టింది.

గోదారిగట్టు
@మడఅడవి ఇది మాకెవరూ చెప్పలేదు. ఆ మెడలోతు మనుషుల్ని చూసి ఈత కొడుతున్నారనుకున్నాం.

కుమట_కోడలు
@గోదారిగట్టు అందుకేనండీ గైడ్ అనేది.

మోకాలు_మూర్తి
నాకు అరవై దగ్గరపడ్డాయి, పోయిన జనవరిలో నడిచాను. అందుకని బావగారి తరఫున కొన్ని మాటలు.

కిలోమీటర్లు చూసి మోసపోవద్దు. ఇసుకలో ఒక కిలోమీటరు రోడ్డు మీద రెండుతో సమానం. పొడి ఇసుక వదిలేసి, అల వెనక్కి పోయిన తడి గట్టి ఇసుక మీద నడవాలి. కానీ బీచ్ ఎప్పుడూ సముద్రం వైపు వాలి ఉంటుంది, ఎడమ కాలు పల్లంలో, కుడి కాలు మెరకలో పడుతుంది. గంటల తరబడి అలా నడిస్తే తుంటి పట్టేస్తుంది. మధ్యమధ్య కాసేపు వెనక్కి తిరిగి నడవండి, జనం నవ్వినా పర్వాలేదు. గుట్టలు దిగేటప్పుడు ఎర్ర గులకరాయి కాలికింద జారుతుంది, ఎక్కడం కంటే దిగడమే కష్టం. చేతికర్ర ఒకటి తప్పనిసరి. బూట్ల లోపలికి ఇసుక పోతే బొబ్బలే, వెనక పట్టీ ఉన్న శాండిల్స్ మేలు. ఉత్త కాళ్ళతో రాళ్ళెక్కకండి, రాతికి అంటుకున్న గుల్లలు బ్లేడులా కోస్తాయి.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. గాలి చల్లగా తగులుతుంది కాబట్టి చెమట తెలీదు, మధ్యాహ్నానికి తల తిరుగుతుంది.

విజయవాడ_వనజ
ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. ఆడవాళ్ళకి టాయిలెట్ సంగతేంటి? గ్రూపు పోస్టర్లలో డ్రోన్ ఫొటోలుంటాయి కానీ ఈ వివరం మాత్రం ఉండదు.

కూకట్‌పల్లి_కాలిబాట
@విజయవాడ_వనజ సరిగ్గా అడిగారు. మేము నీళ్ళు తక్కువ తాగి నడిచాం. అందుకే మా చెల్లికి తలనొప్పి వచ్చింది. నలభై మందిలో ఆడవాళ్ళు పన్నెండు మందిమి, లీడర్‌కి ఆ ఆలోచనే లేదు.

కుమట_కోడలు
కడ్లే బీచ్ దగ్గర, బాడలో, కాగాల్‌లో చిన్న హోటళ్ళు, హోమ్‌స్టేలు ఉన్నాయి. ఒక టీ తాగి అడిగితే ఎవరూ కాదనరు. రేవు దాటాక తదడి ఊళ్ళో చూసుకోవాలి. బెలెకాన్ తర్వాత ఓం బీచ్ దాకా నమ్మకంగా ఏమీ చెప్పలేను. దాన్ని బట్టి మజిలీలు వేసుకోండి. మేము ఆడవాళ్ళం నడిచేటప్పుడు మజిలీలు ఇలాగే వేసుకుంటాం, అందాన్ని బట్టి కాదు.

ట్రెక్_తమ్ముడు
ఇది రాసిపెట్టుకుంటున్నా. నిజంగానే.

సిరిసిల్ల_సాగర్
మేము పోయినప్పుడు ఓం బీచిలో గంటసేపు ఈత కొట్టినం, మస్తు మజా. ఎవరూ ఆపలె. పిల్లలతోటి పోతే స్నానానికి ఏ బీచ్ మంచిది?

భీమిలి_బోటు
@సిరిసిల్ల_సాగర్ అన్నా, లైఫ్‌గార్డు ఉన్న చోట, వాళ్ళు చూపించిన హద్దులోనే దిగండి. రాళ్ళ మధ్య చిన్న గుండ్రటి బీచ్‌లు చూడ్డానికి కొలనులా ప్రశాంతంగా ఉంటాయి. అలలు అంతటా విరుగుతూ ఒకచోట మాత్రం విరగకుండా నున్నగా ఉందంటే, ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ అక్కడి నుంచే వెనక్కి పోతున్నాయని లెక్క. కొత్తవాళ్ళు ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. లాగేస్తే ఒడ్డుకేసి ఎదురు ఈదొద్దు, ఒడ్డుకు పక్కగా ఈదుకుంటూ ఆ ధారలోంచి బయటపడి అప్పుడు తిరగాలి. మా ఊళ్ళో ఈతొచ్చినవాళ్ళే పోయారు, రానివాళ్ళు భయంతో దూరంగా ఉన్నారు కాబట్టి బతికారు.

సిరిసిల్ల_సాగర్
గంతేనా. సరే, పిల్లలకి మోకాళ్ళ దాకే.

ఉప్పుచేప
నా అనుభవం: తిండి కోసమైనా మళ్ళీ పోవాలి. నీరుదోసె, కోకం షర్బత్, తదడిలో చేపల భోజనం. పచ్చడి మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్ళండి. వాళ్ళ కూరల్లో కొబ్బరి ఉంటుంది, కారం మాత్రం మనం అనుకున్నంత ఉండదు.

కుమట_కోడలు
@ఉప్పుచేప తెనాలి దాన్ని, నాకే అలవాటైంది. మీకు మూడు రోజులు చాలదు.

గోదారిగట్టు
వేరే మాట. ఇంత పొడుగు తీరం మనకుంది, బళ్ళో 974 కిలోమీటర్లని బట్టీ పట్టాం. కర్ణాటకకి అందులో మూడో వంతు. మరి నడవడానికి మనవాళ్ళు అక్కడికి పోతారెందుకు? మన దగ్గర ఇలాంటి నడక ఎందుకు లేదు?

తీరం_టీచర్
@గోదారిగట్టు నేల తీరు వేరు కదా. అక్కడ కనుమలు సముద్రం దాకా వచ్చేశాయి, అందుకే గుట్ట, బీచ్, గుట్ట, బీచ్. మనకి కృష్ణా గోదావరి డెల్టాలు. బురద, మడ, పాయలు. అంతర్వేది నుంచి ఒడ్డు వెంట ఎంత నడిస్తే అన్ని పాయలు దాటాలి. ఉత్తరాంధ్రలో మాత్రం తూర్పు కనుమల గుట్టలు ఒడ్డుకొచ్చాయి, అక్కడ కుదురుతుంది.

భీమిలి_బోటు
కుదురుతుంది కాదు, ఉంది! రుషికొండ నుంచి తొట్లకొండ కింద మంగమారిపేట సహజ శిలాతోరణం, అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో గోస్తని కలిసే చోటు. తొట్లకొండ ఎక్కితే బౌద్ధ స్తూపం, కింద సముద్రం. దిబ్బల్ని జియోలాజికల్ సర్వే వాళ్ళు భూవారసత్వ స్థలంగా గుర్తించారు. పక్కనే రోడ్డుండటం వల్ల జనం కార్లో పోయి దిగి ఫొటో తీసుకుని ఎక్కేస్తారు, నడవరు. గోకర్ణ దగ్గర రోడ్డు లేకపోవడమే అదృష్టం.

ఎండపొద
అక్కడ పొద్దు సముద్రంలోకి దిగుతుంది, మన దగ్గర సముద్రంలోంచి లేస్తుంది. ఎనిమిదింటికి లేచే నాలాంటివాళ్ళకి కర్ణాటకే అనుకూలం.

మోడరేటర్
విశాఖ–భీమిలి నడక మీద వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కుమట–గోకర్ణ గురించే.

భీమిలి_బోటు
పెడతా. అందరూ రావాలి మరి.

విజయవాడ_వనజ
@కూకట్‌పల్లి_కాలిబాట మీరు బస్సు మానేస్తే సగం బాధ తప్పుతుంది. మేము అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో హుబ్బళ్ళి దిగి, అక్కడి నుంచి యల్లాపుర మీదుగా ఘాట్ రోడ్డులో గోకర్ణకి ఉత్తరాన ఉన్న అంకోలా వెళ్ళాం. ఆ ఘాట్ ఒక్కటే వేరే ట్రిప్పు. బెంగళూరు మీదుగా వెళ్ళేవాళ్ళకి పంచగంగ ఎక్స్‌ప్రెస్ ఉంది, కుమటలోనూ గోకర్ణ రోడ్‌లోనూ ఆగుతుంది. కుమటలో దిగి నడిచి, గోకర్ణ రోడ్‌లో ఎక్కి రావచ్చు. గోకర్ణ రోడ్ స్టేషన్ ఊరికి దూరం, ఆటో ముందే మాట్లాడుకోండి.

సిరిసిల్ల_సాగర్
అంకోలా అంటే గుర్తొచ్చింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం జరిగింది అక్కడే గదా? ఇప్పటికీ ఆ వైపు ఉప్పు మళ్ళు ఉన్నయంటరు.

మడఅడవి
@సిరిసిల్ల_సాగర్ అవును, అంకోలాలోనే. ఉప్పు మళ్ళు చూడాలంటే గోకర్ణ, తదడి మధ్యలో సాణికట్ట. ఒడ్డు వెంట పోతే తగలదు, కాస్త లోపలికి వెళ్ళాలి. ఎండాకాలంలో తెల్లటి కుప్పలు కనిపిస్తాయి.

మోకాలు_మూర్తి
ఎండాకాలం అన్నారు కాబట్టి: నడకకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకే. మార్చి నుంచి ఉక్క చంపేస్తుంది. జూన్ వచ్చిందా, ఇక ఆ సముద్రం దగ్గరికే పోవద్దు. జూన్ జూలైల్లో ఆ తీరంలో మరపడవల వేటే నిషేధం. పడవలే ఒడ్డెక్కినప్పుడు మనకేం పని?

ఇంకో సంగతి, చివర్లో మహాబలేశ్వరుడి దర్శనం అనుకుంటే సంచిలో పంచె పెట్టుకోండి. మగవాళ్ళు చొక్కా తీసి పంచెతో వెళ్ళాలి. రావణుడు వినాయకుడి చేతిలో పెట్టిన ఆత్మలింగం ఇక్కడే నేలకి దిగిందని కథ అందరికీ తెలిసిందే. మూడు రోజులు నడిచొచ్చి గుడి ముందు షార్ట్స్‌తో నిలబడి వెనక్కి తిరిగినవాళ్ళని చూశాను.

కూకట్‌పల్లి_కాలిబాట
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. ప్లాన్ ఇలా వేశా, తప్పులుంటే చెప్పండి. జనవరి, మూడు రోజులు, ఆరుగురం. రైలు. అష్టమి పడే వారం. మొదటిరోజు కుమట నుంచి బాడ దాకా, రాత్రి హోమ్‌స్టే. రెండో రోజు కాగాల్ మీదుగా మధ్యాహ్నం లోపే రేవు, అవతల బస. మూడో రోజు పొద్దున్నే ప్యారడైజ్ వైపు. ఇద్దరు స్థానికులు. మావారు "స్పీకర్ తెస్తా" అంటున్నారు, ఇంట్లోనే ఆపేశా.

కుమట_కోడలు
బాగుంది. ఒక్క మార్పు. రెండో రోజు రేవు దాటాక తదడిలో ఆగకుండా బెలెకాన్ దాకా పోయి పడుకోండి, మూడో రోజు రాళ్ళ భాగం చల్లటి పూట అయిపోతుంది. తేదీ ఖాయమయ్యాక మెసేజ్ పెట్టండి, మా వైపు మనిషిని నేను అడిగి చెప్తా.

ట్రెక్_తమ్ముడు
అక్కా, నేను కూడా ఒక బ్యాచ్ అలాగే పెడదామనుకుంటున్నా. పన్నెండు మంది, రైలు, మూడు రోజులు, స్పీకర్ లేదు. రేటు మాత్రం ఎక్కువే. ఇక్కడ ఎంతమంది వస్తారు?

గోదారిగట్టు
రేటు ఎంత బ్రో?

ఉప్పుచేప
క్యాంప్ ఫైర్ ఉంటుందా?